పొంగిన పలక

గోనెపట్టా మీద ఆముదంతో చేసిన పాలియురేతేన్ అనే ప్లాస్టిక్ పోసి పలక చేద్దామనుకున్నా. ల్యాబులో అచ్చు విప్పేసరికి అది బన్నులా పొంగి ఉంది. ఇంటికి తెస్తే అమ్మ, "ఏట్రా ఇది, ఆముదంతో అట్టేసావా?" అంది.

మూడ్రోజులుగా పర్లాకిమిడిలో ఒకటే ముసురు. గోనె ఆరిందనుకున్నా, లోపల చెమ్మ ఉండిపోయింది. ఆముదాన్ని ప్లాస్టిక్‌గా గట్టిపరచడానికి కలిపే ఐసోసయనేట్ అనే రసాయనానికి కాస్త నీరు తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడ్ వదుల్తుంది. బుడగలన్నీ అవే.

పాపం ఆముదం తప్పేం లేదు. సోయా నూనెనైతే పెరాక్సైడ్‌తో ఎపాక్సీ (ఆక్సిజన్ ఉన్న చిన్న రింగు) చేసి, మళ్లీ ఆ రింగు విప్పితేగానీ పాలియురేతేన్‌కి కావాల్సిన హైడ్రాక్సిల్, అంటే ఐసోసయనేట్ అతుక్కునే OH కొస, రాదు. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే, దానికి హైడ్రాక్సిల్ పుట్టుకతోనే ఉంది. చిన్నప్పుడు ముక్కు మూసి తాగించిన నూనెకి ఇంత పనితనమా!

పలకని అమ్మ పట్టుకెళ్లి నీళ్ల కుండ కింద పెట్టేసింది. బానే నప్పింది. రేపు గోనెని ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ పోస్తా.