చెరువు గట్టు ప్రశ్నకి బస్టాప్‌లో జవాబు: నా ఎంఏ ప్రాజెక్టు అనుభవం

మాది భీమవరం దగ్గర ఒక పల్లె. నాన్న వెనామీ రొయ్యల సాగు చేస్తారు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఎంఏ ఎకనామిక్స్‌కి హైదరాబాద్ వచ్చాను. మూడో సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది. అంతర్జాతీయ వాణిజ్యం తీసుకోవాలని ముందే అనుకున్నాను గానీ, ఏ అంశమన్నది నాన్న ఫోన్ వల్ల తేలింది.

2025 ఆగస్టు 7న మన సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. అదే నెల 27న ఇంకో 25 కలిపింది. అప్పటికి మన దేశం నుంచి రొయ్యలు అన్నిటికంటే ఎక్కువ వెళ్లేది అక్కడికే. వాటిలో ఎక్కువ భాగం ఆంధ్రా చెరువుల్లోవి. కొనేవాళ్లు వెంటనే రేటు తగ్గించేశారు. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి అడిగారు: "సుంకం కట్టేది అక్కడోళ్లు కదమ్మా, మన రేటెందుకు పడాలి?"

నేను ఎన్నాళ్లుగానో ఇదే సబ్జెక్టు చదువుతున్నాను. అయినా సూటిగా జవాబు చెప్పలేకపోయాను. అదే నా ప్రాజెక్టు అయింది.

మన ఎకనామిక్స్ పాఠ్యపుస్తకాల్లో తులనాత్మక వ్యయ సిద్ధాంతం (ఎవరికి ఏది పోలికలో చవకో అదే చేసుకుని, మిగతాది కొనుక్కోవాలన్నది) అందరం చదివే ఉంటాం. ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో ఇచ్చిన ఉదాహరణ: ఇంగ్లండ్‌లో బట్టకి 100 మంది శ్రమ, వైన్‌కి 120 మంది శ్రమ పడుతుంది. పోర్చుగల్‌లో బట్టకి 90, వైన్‌కి 80. పోర్చుగల్ రెండింట్లోనూ మెరుగే, అయినా వైన్ చేసి బట్ట కొనుక్కోవడమే దానికి లాభం. రెండు దేశాలు, రెండు వస్తువులు ఉన్నంతవరకు ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ అమెరికాకి రొయ్యలు అమ్మేవాళ్లలో మనతో పాటు ఈక్వడార్, ఇండోనేసియా, వియత్నాం ఉన్నాయి. సరుకు కూడా ఒక్క రకం కాదు. తలతో ఉన్నవి, తల తీసినవి, పొట్టు వలిచినవి, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు తూగే సైజు), 50 కౌంట్, ఇలా ఎన్నో. ఎవరు ఏది చవగ్గా ఇస్తారో వరసగా పేర్చడం ఎలా? 1977లో డార్న్‌బుష్, ఫిషర్, శామ్యూల్‌సన్ అనే ఆర్థికవేత్తలు లెక్కలేనన్ని వస్తువుల్ని ఒక వరసలో పేర్చారు, కానీ రెండు దేశాలకే. మూడో దేశం రాగానే ఆ వరస చెదిరిపోతుంది.

మా గైడ్ మేడమ్ ఇది విని, జొనాథన్ ఈటన్, శామ్యూల్ కోర్టమ్ అనే ఆర్థికవేత్తలు 2002లో రాసిన వ్యాసం చేతికిచ్చారు. వాళ్లు వరస పేర్చడం మానేసి సంభావ్యతతో మొదలుపెట్టారు. ఏ దేశానికి ఏ వస్తువులో ఎంత నేర్పు ఉందన్నది ఒక యాదృచ్ఛిక చలరాశి, అంటే పాచిక వేసినట్టు పడే అంకె. ఆ చలరాశి ఫ్రెషే విభాజనం పాటిస్తుంది (విభాజనం అంటే ఏ విలువ ఎంత తరచుగా పడుతుందో చెప్పే సూత్రం). కొనేవాడు అన్ని దేశాల ధరలూ చూసి తక్కువదే కొంటాడు. అంతే, అక్కడి నుంచి మొత్తం వాణిజ్యం లెక్కలోకి వచ్చేస్తుంది.

"అంతే" అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, మూడు వారాలు రెండో పేజీ దాటలేదు. డిగ్రీలో ద్విపద, పాయిజాన్, సామాన్య విభాజనాలు చేశాం. ఫ్రెషే పేరే వినలేదు. వీడియోలు చూశాను, నోట్సు తిరగేశాను. ఫార్ములా కంఠతా వచ్చింది గానీ, అది ఎందుకు అలా ఉందో పట్టుబడలేదు. హాస్టల్‌లో రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. మేడమ్ దగ్గరికి వెళ్లి టాపిక్ మార్చుకుంటానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఫార్ములా పక్కన పెట్టు. ఎక్సెల్‌లో వెయ్యి వరసలు తీసుకుని పాచికలు వేసినట్టు వేసి చూడు" అన్నారు.

ఆ సలహాయే నన్ను గట్టెక్కించింది. ఎలా చేశానో వివరంగా చెప్తాను, ఇలాంటి చోట ఆగిపోయినవాళ్లకి పనికొస్తుంది. ర్యాండ్ ఫంక్షన్‌తో సున్నాకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తెప్పించాలి. దాని సహజ లాగరిథమ్‌కి మైనస్ పెట్టాలి. టీని దానితో భాగించి, వచ్చినదాన్ని, ఒకటిని థీటాతో భాగిస్తే వచ్చే ఘాతానికి ఎత్తితే ఒక ఫ్రెషే సంఖ్య వస్తుంది. ఇక్కడ టీ అంటే ఆ దేశానికి మొత్తంమీద ఉన్న నేర్పు. థీటా అంటే వస్తువుకీ వస్తువుకీ ఆ నేర్పులో ఎంత తేడా ఉంటుందో తేల్చే అంకె. థీటా పెద్దదైతే తేడాలు తక్కువ, అందరూ ఇంచుమించు ఒకేలా చేస్తారు. మొదటి దేశానికి టీ 2 అని, రెండో దేశానికి 1 అని పెట్టాను, ఖర్చులు సమానం. ఖర్చుని నేర్పుతో భాగిస్తే ధర వస్తుంది. ప్రతి వరసలో ఎవరి ధర తక్కువో చూసి, మొదటి దేశం గెలిచినవి లెక్కపెట్టాను. వెయ్యిలో 659. ఎఫ్9 నొక్కితే అంకెలన్నీ కొత్తగా పడతాయి, అప్పుడు 671. మళ్లీ నొక్కితే 652. ఫార్ములా ప్రకారం మూడింట రెండొంతులు, అంటే 667 రావాలి. ఎన్నిసార్లు నొక్కినా దాని చుట్టూనే తిరుగుతోంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు, అంత ఆనందం కలిగింది.

అయితే "ఎందుకు" అన్నది ఇంకా మిగిలే ఉంది. అది బస్టాప్‌లో తేలింది. హాస్టల్‌కి వెళ్లడానికి రెండు రకాల బస్సులున్నాయి. ఒకటి గంటకి సగటున 6 సార్లు, ఇంకోటి 3 సార్లు వస్తుందనుకుందాం. ట్రాఫిక్ వల్ల టైమ్‌టేబుల్ లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. ముందు వచ్చేది మొదటి రకం కావడానికి సంభావ్యత 9లో 6. ఇది మాకు డిగ్రీలో ఎక్స్‌పొనెన్షియల్ విభాజనం పాఠంలో ఉన్న లెక్కే. ఫ్రెషే నేర్పుతో వచ్చే ధరని థీటా ఘాతానికి ఎత్తితే సరిగ్గా ఈ ఎక్స్‌పొనెన్షియలే వస్తుంది! తక్కువ ధర అంటే ముందొచ్చిన బస్సు. టీ ఎక్కువున్న దేశం అంటే తరచుగా వచ్చే బస్సు. బస్సులోనే కూర్చుని టికెట్ వెనక రాసి సరిచూసుకున్నాను. ఒక దేశం గెలిచే సంభావ్యత ఎంత? దాని రేటుని అన్ని దేశాల రేట్ల మొత్తంతో భాగిస్తే వచ్చేదే. ఇక్కడ రేటు అంటే ధర కాదు, బస్సు గంటకి ఎన్నిసార్లు వస్తుందన్నలాంటి అంకె: టీని, ఆ దేశం ఖర్చునీ రవాణా భారాన్నీ గుణించి థీటా ఘాతానికి ఎత్తిన విలువతో భాగించడం. మూడు వారాలు అర్థం కాని ఫార్ములా ఇదే.

రవాణా భారానికి ఈ శాస్త్రంలో ఐస్‌బర్గ్ కాస్ట్ అని పేరు. 1954లో శామ్యూల్‌సన్ వాడిన పోలిక. పంపిన సరుకులో కొంత మంచుగడ్డలా దారిలో కరిగిపోతుంది, ఒక కిలో చేరాలంటే కిలోకి పైగా పంపాలి. ఇది నాన్నకి చెప్పగానే పట్టేశారు. పట్టుబడి రోజున గట్టు మీద ట్రేల్లో రొయ్య, ఐసు వరసలు వరసలుగా వేయడం, లారీ వచ్చేలోగా ఐసు నీరు కారిపోతుంటే మళ్లీ వేయడం మా ఇంట్లో అందరికీ తెలిసిన పనే. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. 50 శాతం సుంకాన్ని కూడా లెక్కలో ఇలాగే 1.5 అని పెడతాం గానీ, అది కరిగిపోయే సొమ్ము కాదు. అక్కడి ఖజానాకి చేరుతుంది.

డేటా పని గురించి ఎక్కువ చెప్పను. ఐక్యరాజ్యసమితి వాణిజ్య లెక్కల వెబ్‌సైట్ యూఎన్ కామ్‌ట్రేడ్ నుంచి తీసుకున్నాను. ఫ్రోజెన్ రొయ్యల కోడ్ 030617. ఎక్సెల్ ముందున్న సున్నాని తినేసి 30617 చేసేస్తుంది, రెండు ఫైళ్లు కలవక ఒక రోజంతా పోయింది. కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. ఎగుమతి లెక్కలు ఎఫ్ఓబీలో (ఓడ బాడుగ, బీమా లేని ధర), చాలా దేశాల దిగుమతి లెక్కలు సీఐఎఫ్‌లో (అవి కలిపిన ధర) ఉంటాయి, రెండూ కలిపేయకూడదు.

అసలు లెక్కకి వద్దాం. తేలిగ్గా అర్థమవడానికి మొదటి అధ్యాయంలో గుండ్రని అంకెలు పెట్టాను: అమెరికా మార్కెట్‌లో మన వాటా 40, ఈక్వడార్ 30, మిగతావాళ్లు 30 అనుకున్నాను. ఇవి ఊహించినవే, అసలు వాటాలు తర్వాతి అధ్యాయంలో ఉన్నాయి. పాత యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది) లాంటివి ఈ వాటాల్లో ముందే కలిసి ఉన్నాయి కాబట్టి మళ్లీ కలపలేదు. 2025 ఆగస్టు చివరికి కొత్త సుంకం మనకి 50 శాతం, ఈక్వడార్‌కి 15, మిగతావాళ్లకి సుమారు 20 ఉండేది. థీటా 4 అయితే మన 40 కాస్తా 20 అవుతుంది. ఈటన్, కోర్టమ్ ఓఈసీడీ అనే, ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమిలోని 19 దేశాల 1990 లెక్కలతో తేల్చిన థీటా 8.28. అది పెడితే మనకి మిగిలేది 8. ఒక్క అంకె మారితే ఇంత తేడా! 4కి దగ్గరగా అంచనా వేసినవాళ్లు తర్వాత వచ్చారు. అందుకే రెండూ చూపించాను. ఒక్క థీటా పెట్టి ఒక్క జవాబు చెప్పడం నాకు న్యాయంగా అనిపించలేదు.

ఇదంతా మన ఖర్చు మారకపోతేనే. థీటా 4 దగ్గర మన ధర 10 శాతం తగ్గిస్తే వాటా 20 నుంచి 27.6కి లేస్తుంది. పాత 40 నిలబడాలంటే ధర దాదాపు 22 శాతం తగ్గాలి. ఇక్కడే నాన్న ప్రశ్నకి జవాబు దొరికింది. సుంకం కట్టేది అక్కడివాళ్లే, కానీ వాళ్లు ఈక్వడార్ వైపు తిరగకుండా ఉండాలంటే మన ధర దిగాలి. ఆ ధరలో ప్లాంటు కరెంటు బిల్లు దిగదు, కంటైనర్ బాడుగ దిగదు. దిగేది చెరువు రేటే. ఎగుమతి ధరలో చెరువు రేటు మూడింట రెండొంతులు అనుకుంటే, మొత్తం ధర 10 శాతం దిగడానికి చెరువు రేటు 15 శాతం దిగాలి. నాన్నకి ఫోన్‌లో ఇలాగే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఈ లెక్క పెద్దోళ్లకి తెలుసా?" అని అడిగారు. తెలుసు నాన్నా అన్నాను.

డిసెంబర్‌లో వైవా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ రిపోర్టు తిరగేసి ఒక్కటే గట్టి ప్రశ్న వేశారు: "నువ్వు లెక్కగట్టింది ఒక దేశం గెలిచే సంభావ్యత. పట్టికలో రాసింది ఖర్చులో వాటా. రెండూ ఒకటే అని ఎలా అన్నావు? ఒకళ్లు ఎక్కువ వస్తువుల్లో గెలిచినా, అన్నీ చవక వస్తువులే అయితే?"

చేతులు చల్లబడ్డాయి. కానీ బస్టాప్ గుర్తొచ్చింది. బోర్డు మీద రాశాను: 6, 3. ఏ బస్సు ముందొచ్చినా సరే, సగటు ఎదురుచూపు 60ని 9తో భాగిస్తే వచ్చే 6 నిమిషాల 40 సెకన్లే. తరచుగా వచ్చే బస్సు గెలిచిందని తెలిసినా ఆ సగటు మారదు. ధరలూ అంతే. గెలిచిన దేశం ఏదైనా, అది అమ్మే ధరల విభాజనం ఒక్కటే. నేర్పున్న దేశం ఎక్కువ వస్తువులు అమ్ముతుంది, అంతేగాని అమ్మినవాటి సగటు ధర ఇంకొకరికంటే తక్కువ ఉండదు. అందుకే గెలిచిన వస్తువుల వాటా, ఖర్చు వాటా సమానం. సార్ తల ఊపి, "ఇది ఫ్రెషే పెట్టుకున్నందువల్ల వచ్చిన సౌలభ్యమా, నిజంగా అలా ఉంటుందా?" అన్నారు. ఫ్రెషే వల్లే సార్, మా కౌంట్ రేట్లలో అలా ఉండదు అని ఉన్నమాట చెప్పాను. ఆ వాక్యం రిపోర్టులో పరిమితుల కింద చేర్చమన్నారు. చేర్చి, మర్నాడు ఫైనల్ కాపీ ఇచ్చేశాను.

ఆ ఎక్సెల్ ఫైల్‌కి కొత్తగా ఇంకో షీటు పెట్టాను. సీడు, మేత, కరెంటు, డీజిల్, కౌలు, ఐసు, కూలీ అని ఏడు కాలమ్‌లు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్న లెక్కల పుస్తకం ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆయన చదువుతుంటే నేను నింపుతూ వెళ్లాను. మూడు పంటలవి అయ్యాయి, పాత పుస్తకం అటక మీద ఉంది, అందులో ఇంకా నాలుగున్నాయట.