టర్కాయిస్ మీద క్లియర్: పగులు ఇంకా వదల్లేదు

మళ్లీ పగిలింది! కిల్న్‌లోంచి (విద్యుత్ కొలిమిలోంచి) తీసినప్పుడు గాజు పూస నిక్షేపంగా ఉంది. మర్నాటికి లోపల సన్నటి గీత. వెలుగు చొరని (ఓపేక్) టర్కాయిస్ రంగు గాజు కోర్, దాని మీద రంగులేని క్లియర్ గాజు తొడుగు, రెండూ 104 గాజే (వేడికి ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె). పూస పొడవు 22 మి.మీ., అడ్డం 16. కోర్ 9 మి.మీ., అంటే చుట్టూ క్లియర్ మందం మూడున్నర.

పగులు తీరు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. మంటలో చిట్లి ఉంటే అంచులు కరిగి గుండ్రబడేవి. ఇవి పదునుగా ఉన్నాయి. మాండ్రెల్ (పూసను చుట్టే లోహపు కడ్డీ) చల్లబడి ఉంటే పగులు రంధ్రం దగ్గర మొదలయ్యేది. అక్కడ ఏమీ లేదు. ఈ గీత మాత్రం టర్కాయిస్, క్లియర్ కలిసే చోటునే పట్టుకుని ఒంపు తిరిగింది.

ముందు ఎనీలింగ్‌నే, అంటే కిల్న్‌లో వేడిగా నిలిపి మెల్లగా చల్లార్చడాన్నే, అనుమానించాను. 510 డిగ్రీల దగ్గర అరగంట ఉంచేది గంటన్నర చేసి, అక్కడి నుంచి 370 దాకా గంటకు 60 చొప్పున దించినా అదే గీత. తలుపు దగ్గర వేడి తక్కువని పూసను థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పక్కకు జరిపినా తేడా లేదు. రెండు పోలరైజింగ్ ఫిల్ముల మధ్య పెడితే క్లియర్‌లో, సరిగ్గా టర్కాయిస్‌ని ఆనుకుని, తెల్లటి వెలుగు పట్టీ కనిపించింది, అంటే అక్కడ గాజులో ఒత్తిడి ఉందన్నమాట. రెండు గాజులకు పొసగనప్పుడు ఎంతసేపు ఎనీల్ చేసినా ఆ ఒత్తిడి పోదు.

అందుకే దారం పరీక్ష. రెండు కడ్డీల కొసలు పక్కపక్కన అతికించి, రంగులు కలిసిపోకుండా వేడి చేసి, అర మిల్లీమీటరు దారంగా లాగడం. 30 సెం.మీ. దారం మధ్యలో 6 మి.మీ. వంగింది, వంపు లోపలివైపు క్లియర్ ఉంది. ఎక్కువ ముడుచుకునేది క్లియరేనన్నమాట. కోర్ దాన్ని ముడుచుకోనివ్వదు కాబట్టి తొడుగు సాగదీసినట్టే ఉండిపోతుంది. గాజు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు.

104 అంటే డిగ్రీకి కోటిలో 104 వంతుల వ్యాకోచం, అదీ మామూలుగా 300 డిగ్రీల లోపు సగటు. గాజు గట్టిపడేది అంతకన్నా పైన, అక్కడి సంగతి ఆ అంకె చెప్పదు. బుల్స్‌ఐ అనే గాజు కంపెనీ వాళ్లు తమ షీట్ గాజును పరీక్షించి, కలిసే రంగులని గుర్తు వేసి అమ్మే పద్ధతే నాకు నచ్చుతుంది. కడ్డీ మీది అంకె కన్నా ఈ దారాన్నే నమ్ముతాను.

అదే టర్కాయిస్ మీద ఐవరీ రంగు గాజు చుక్కలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి, టర్కాయిస్‌లోని రాగికీ ఐవరీలోని గంధకానికీ పడక చుక్క చుట్టూ చక్కటి నల్ల అంచు.

ఈసారి కోర్ పారదర్శక ఆక్వాతో చుట్టి, టర్కాయిస్‌ను సన్నటి స్ట్రింగర్ (గాజు పోగు) గీతలుగా, మిల్లీమీటరు మించకుండా వేస్తాను. పొసగని గాజు అంత కొద్దిగా ఉంటే పూస సాధారణంగా తట్టుకుంటుంది. క్లియర్ తొడుగు రెండు మిల్లీమీటర్లు చాలు. ముందు ఆక్వాకూ క్లియర్‌కూ దారం లాగి చూడాలి. అది నిటారుగా నిలిస్తే లేత ఆంబర్ (తేనె రంగు) తొడుగు కూడా వేసి చూస్తాను, దాని కింద టర్కాయిస్ ఆకుపచ్చకు తిరుగుతుంది.