చైనావాళ్ళు ఇళ్ళు కట్టుకుంటేనే మనకు జీతమా?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పన్నెండేళ్ళు మార్కింగ్ పని చేశాను. బ్లాకు మీద నీళ్ళు కొట్టి, తడి ఆరకముందే నల్లరాయిలో బంగారు చుక్క ఎంత దట్టంగా ఉందో చూడాలి. సుత్తితో కొట్టి వినాలి. ఖంగున మోగితే రాయి మంచిది, మొద్దుగా వినిపిస్తే లోపల ఎక్కడో క్రాకు ఉన్నట్టు. తెల్ల గీత కనిపించిందా, రేటు పడిపోయినట్టే. అంతా చూశాక పెయింటుతో నంబరు వేస్తాం. క్యూబిక్ మీటరు రాయి దాదాపు 3 టన్నులు తూగుతుంది.

బయటి ఊళ్ళవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద వస్తే చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ అని ప్రపంచమంతా పిలిచే రాయి మా రామతీర్థం చుట్టుపక్కల నేలలోదే. మేం గ్రానైట్ అంటాం గానీ నిజానికిది గాబ్రో జాతి రాయి, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. మా నాన్న దీన్ని ఉలి, సుత్తితో పగలగొట్టాడు. నా కాలానికి డైమండ్ వైరు వచ్చింది. ఉక్కు తాడుకు వజ్రపు పూసలు గుచ్చి, నీళ్ళు పోస్తూ తిప్పితే రాయి వెన్నలా తెగుతుంది.

చైనా కొనుగోలుదారులు స్వయంగా వచ్చి రాయి ఎంచుకునేవారు. గీతలుంటే కొలతలో కొన్ని సెంటీమీటర్లు తగ్గించి రాయించుకునేవారు. బ్లాకులు ఓడెక్కి చైనాలోని షియామెన్ రేవు వైపు పోయేవి. అక్కడ కోసి, పాలిష్ పెట్టి, అపార్ట్‌మెంట్లకూ హోటళ్ళకూ వేసుకునేవారు. కొంత మళ్ళీ వేరే దేశాలకు అమ్ముకునేవారు. పాలిష్ పెట్టినచోటే లాభం ఉంటుంది. మనకు మిగిలేవి గుంత, దుమ్ము, కూలి.

2020 జనవరిలో వాళ్ళ కొత్త సంవత్సరం పండక్కి వెళ్ళినవాళ్ళు కరోనా వల్ల తిరిగి రాలేదు. నేను నంబర్లు వేసిన బ్లాకులు యార్డులో అట్లే పడున్నాయి. మార్చిలో మనకూ లాక్‌డౌన్ పడింది. మా యజమాని రెండు నెలలు సగం జీతం ఇచ్చి ఆపేశాడు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు షెడ్లలో బియ్యం లేక అల్లాడారు. వాళ్ళ ముఖాలు నాకిప్పటికీ గుర్తొస్తాయి.

కరోనా తగ్గితే అంతా సర్దుకుంటుందనుకున్నాం. ఈసారి దెబ్బ అక్కడి ఇళ్ళ వ్యాపారం మీద పడింది. ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద బిల్డరుకు 30 వేల కోట్ల డాలర్లకు పైగా అప్పులు. 2021 డిసెంబరుకు వాయిదాలు కట్టలేక చేతులెత్తేసింది. ఎన్నో అపార్ట్‌మెంట్లు మధ్యలో ఆగిపోయాయి. గోడలే లేవలేదు, ఇంక ఫ్లోరింగ్‌కు రాయెవరు కొంటారు?

అప్పుడే మా అమ్మ అడిగింది. "ఏంది అబ్బయ్యా, చైనావాళ్ళు ఇళ్ళు కట్టుకోకపోతే మన ఇంట్లో పొయ్యి వెలగదా?" నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఒక్క దేశాన్నే నమ్ముకోకూడదని తర్వాత కొందరు అమెరికాకు స్లాబులు, అంటే కోసిన రాతి పలకలు, పంపే పని పెంచుకున్నారు. ఇక్కడే కోస్తే పది మందికి పని దొరుకుతుంది కాబట్టి నేను చాలా సంతోషించాను. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. అప్పుడు మళ్ళీ టెన్షన్ పట్టుకుంది.

ఎగుమతి వద్దని నేననను, మా చెల్లి చదువు ఆ డబ్బుతోనే సాగింది. రాయి తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుములో, అంటే సీనరేజీలో కొంత, పని ఆగిన నెలల్లో కూలీ కడుపు నింపడానికి పక్కన పెట్టాలని మాత్రం గట్టిగా అడుగుతాను. రాయి ఎన్నాళ్ళున్నా చెడిపోదు. మనిషి ఆకలి ఆగదు కదా.

ఇప్పుడు ఒంగోల్లో చిన్న ఇల్లు కట్టుకుంటున్నాం. నేలకు గుజరాత్‌లోని మోర్బీ టైల్సే, మా బడ్జెట్‌కు అవే అందాయి. వంటగట్టుకు మాత్రం గెలాక్సీయే కావాలని అమ్మ పట్టుబట్టింది. తెలిసిన ఫ్యాక్టరీలో, తెల్ల గీత వల్ల పక్కన పెట్టిన స్లాబు ఒకటి దొరికింది. నిన్న మేస్త్రీ పరిచి వెళ్ళాడు. అమ్మ తడిగుడ్డతో తుడిచి, ఆ గీత గోడవైపు వచ్చిందా లేదా అని వంగి చూసుకుంది.