ఊపిరి కుదుటపడ్డాక గుండె సంగతి

బొబ్బిలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. గుండె బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. నాలుగు గదులు, బృహద్ధమని, పుపుస ధమని. కడుపులో ఉన్న ప్రతి బిడ్డకీ ఈ రెండు ధమనుల్నీ కలుపుతూ ఒక చిన్న గొట్టం ఉంటుంది. బళ్లో గీసే బొమ్మలో దానికి చోటుండదు, నెలలు నిండి పుట్టినవాళ్లకి సాధారణంగా రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది కాబట్టి. మా మనవరాలికి మూసుకోలేదు.

మా అమ్మాయికి 30వ వారంలోనే నొప్పులొచ్చాయి. బొబ్బిలిలో చూసిన డాక్టరమ్మ, విజయనగరం పంపే ముందే డెక్సామెథసోన్ మొదటి ఇంజెక్షన్ చేయించారు. ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేలా ఉంటే, 12 గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు ఇస్తారు. సూది తల్లికి, పని జరిగేది బిడ్డ ఊపిరితిత్తుల్లో. గాలితిత్తులు ముడుచుకోకుండా లోపల సర్ఫాక్టెంట్ అనే పూత ఉండాలి. అది చాలినంత తయారయ్యేసరికి 34, 35 వారాలు పడుతుంది. ఈ ఇంజెక్షన్ ఆ పనిని తొందరపెడుతుంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ అనే డాక్టర్లు 1972లోనే ఈ సంగతి ప్రచురించారు.

పాప 1,200 గ్రాములు. డొక్కలెగరేస్తూ, ఊపిరి వదిలినప్పుడల్లా మూలిగేది. ఆ మూలుగు విని మా అల్లుడు తట్టుకోలేకపోయాడు. నిజానికి అది గాలిని లోపలే కాస్త బిగబట్టి, తిత్తులు మూసుకుపోకుండా బిడ్డ చేసుకునే ప్రయత్నం. ముక్కుకి పెట్టిన బబుల్ సీప్యాప్ అనే ఊపిరి సాయం పరికరం చేసేదీ అదే. గొట్టం రెండో కొస నీళ్ల సీసాలో మునిగి ఉంటుంది, ఎంత లోతు ముంచితే అంత ఒత్తిడి. బుడగలు వస్తున్నంతసేపూ మాకు ధైర్యం.

ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చారు. అమ్మయ్య అనుకుంటుండగా మళ్లీ పెంచాల్సి వచ్చింది. "మళ్లీ మొదటికొచ్చింది అత్తయ్యా" అని అల్లుడు కూలబడ్డాడు. గుండె దగ్గరి గొట్టం తెరిచే ఉందన్నారు. ఊళ్లోకి ఆ కబురు "పాప గుండెకి చిల్లు" అని వెళ్లింది.

మందుల బిల్లు వెనక బొమ్మ గీసి అల్లుడికి చెప్పాను. కడుపులో ఉండగా ఊపిరితిత్తులకి పనిలేదు, రక్తం వాటివైపు పెద్దగా పోకుండా ఈ గొట్టంలోంచి దాటిపోతుంది. పుట్టాక తిత్తులు విచ్చుకునేకొద్దీ అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. గొట్టం తెరిచే ఉంటే ప్రవాహం ఎదురు తిరుగుతుంది. చేలోకి పోవాల్సిన నీళ్లు గండిపడి మళ్లీ చెరువులోకే పోయినట్టు, ఒంటికి అందాల్సిన రక్తంలో కొంత ఊపిరితిత్తుల్లోకే వెళ్లిపోతుంది. అవి చెమ్మబారతాయి, గుండెకి పని పెరుగుతుంది. అంటే ఊపిరి బాగుపడబట్టే ఇది బయటపడింది బాబూ, ఎవరో ఏదో చేయడం వల్ల కాదు అన్నాను. బయట వరండాలో కూర్చున్న ప్రతి తండ్రికీ ఈ మాట ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

స్టాఫ్ నర్సు నా చేతులు కడిగించి, పాప అరచేతిలో నా వేలు పెట్టించింది. అంత చిన్న అరచేతిలో నాడి టకటకా ఎగిరి తగులుతోంది. మామూలుగా అక్కడ అలా తెలియదట.

జ్వరం లేని పిల్లకి పారాసెటమాల్ ఎందుకని మా వియ్యపురాలు అడిగారు. గొట్టాన్ని తెరిచి ఉంచేవి ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు, ఈ మందు వాటిని తగ్గిస్తుంది. కొందరికి ఐబుప్రొఫెన్ ఇస్తారు, చాలామందికి ఏమీ ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉన్నా దానంతటదే మూసుకుంటుంది, కొద్దిమందికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఏది ఎవరికన్నది ఎకో, అంటే గుండె స్కాన్, చూసి డాక్టరు తేల్చాలి. మా పాపకి మందుతో మూసుకుంది. విశాఖలో తీసిన ఎకోలో ఆ మాట విన్నాక మా అమ్మాయి ఆ రోజు కడుపునిండా తింది.

ఇంటికొచ్చాక గొడవ సాంబ్రాణి దగ్గర వచ్చింది. స్నానం చేయించి పొగ వేయకపోతే జలుబు చేస్తుందని వియ్యపురాలి పట్టు. ఆవిడది ప్రేమే. కానీ కడుపులో ఉన్న వారాలు కూడా కలిపి 36 వారాల వయసు వచ్చేదాకా ఆక్సిజన్ కావాల్సి వచ్చిన ఊపిరితిత్తులివి. సాంబ్రాణి, దోమల చక్రం, మావయ్యగారి చుట్ట, కట్టెల పొయ్యి, ఏ పొగయినా ఒకటే. నేను మెత్తగానే చెప్పాను గానీ ఒప్పుకోలేదు. చివరికి పిల్లల డాక్టరు చెప్తే విన్నారు. తల ఆరడానికి మెత్తటి నూలుగుడ్డతో ఇప్పుడు ఆవిడే తుడుస్తారు.

డిశ్చార్జి కాగితం ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంది. దగ్గుకి చూపించినా, టీకాకి వెళ్లినా ముందు అదే చూపిస్తాం: ఎన్ని వారాలకి పుట్టింది, ఎన్నాళ్లు ఆక్సిజన్ మీద ఉంది, ఎకోలో ఏముంది. ఇలాంటి పిల్లలున్న ఇళ్లకి నేను చెప్పేది ఒకటే. జలుబుతో డొక్కలెగరేసినా, పాలు తాగుతూ మధ్యలో ఆయాసపడి వదిలేసినా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి.