బుడిపె కోసం బయల్దేరి

ఒక బిలియర్డ్స్ టోర్నమెంటులో ఎవరి చేతిలోనో చూశాను ఆ క్యూ స్టిక్‌ని, అంటే బంతిని కొట్టే కర్రని. పిడికి పైభాగమంతా సుడులు, చుక్కలు, నల్లటి చారలు. మరుగుతున్న పాలను ఉన్నపళంగా గడ్డకట్టించినట్టుంది. రంగు వేశారేమో అనుకున్నాను. కాదు, బర్ల్ అన్నాడాయన. చెట్టుకు దెబ్బ తగిలో, బూజు పట్టో, పురుగు తొలిచో మాను మీద లేచే బుడిపె అది. అలాంటిది నాకూ ఒకటి కావాలనిపించింది. వెతికి వెతికి క్యూలు చేసే ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను. ఫోన్‌లో మాట్లాడితే, "కొనే ముందు ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు.

ఉత్తర కాలిఫోర్నియాలో 101 హైవే మీద వెళ్తూ రెడ్‌వుడ్ పార్కులో కాసేపు ఆగాను. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టే చెట్లు. నా చూపు మాత్రం మొదళ్ల దగ్గరి బుడిపెల మీదే. వాటిలో మొలకెత్తని మొగ్గలు నిద్రపోతుంటాయి, చెట్టు కూలితే అక్కడినుంచే కొత్త పిలకలు లేస్తాయి. వాటినే దొంగలు రాత్రిపూట రంపాలతో కోసుకుపోతున్నారని 2014లో పార్కు మధ్య నుంచి వెళ్లే న్యూటన్ డ్రూరీ రోడ్డును రాత్రిళ్లు మూసేశారు. అది తెలిశాక, క్యూ చేయించడానికని ముందే కొని డిక్కీలో వేసుకున్న బర్ల్ చెక్క ఎక్కడిదో అమ్మినవాణ్ని అడగలేదే అని కాస్త గిల్టీగా అనిపించింది. అది రెడ్‌వుడ్ కాదు, బిగ్‌లీఫ్ మేపుల్ అనే మరో చెట్టు బర్ల్. అయినా సరే.

వర్క్‌షాపులో అడుగుపెట్టగానే ముందు కంటబడింది పైకప్పు. పందిరికి పొట్లకాయల్లా పదుల కొద్దీ గుండ్రటి కర్రలు తాళ్లకు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి ఒక చీటీ, దాని మీద పెన్సిల్‌తో తేదీలు.

పెద్దాయన నా చెక్కకు తేమ మీటరు ఆనించాడు. 14 శాతం. తల అడ్డంగా ఊపి అరలో పెట్టేశాడు. దాని బదులు ఎప్పుడో ఎండిపోయిన తన ముక్క ఒకటి తీశాడు. ఆ తర్వాత చేసిన పని నాకిప్పటికీ గుర్తే. ఒకే మందంలో రెండు పలచటి బద్దలు నా చేతిలో పెట్టి వంచమన్నాడు. మామూలు మేపుల్ బద్ద విల్లులా వంగింది. బర్ల్ బద్ద అప్పడంలా పుటుక్కుమంది. మామూలు చెక్కలో గ్రెయిన్, అంటే నారల వరుస, ఒకే దిక్కుకు సాగుతుంది. బర్ల్‌లో దానికో దిక్కంటూ లేదు. చూడ్డానికి ఎంత బాగుంటుందో బలం అంత తక్కువ.

అందుకని ముక్కను పొడవునా తొలిచి లోపల నిటారు గ్రెయిన్ ఉన్న మేపుల్ కడ్డీ ఎపాక్సీ జిగురుతో దిగేస్తారు. కడ్డీకి పొడవునా సన్నటి గాడి ఉంటుంది, లేకపోతే గాలీ జిగురూ బయటికి రాలేక కడ్డీ మధ్యలోనే బిగుసుకుపోతుందట. క్యూ రెండు ముక్కలూ కలిసే జాయింట్ దగ్గర దాని మందం అంగుళం కూడా ఉండదు. అందులో 5/8 అంగుళం కడ్డీదే అయితే బర్ల్‌కి మిగిలేది చుట్టూ మూడు మిల్లీమీటర్ల లోపే. నిజానికి ఆడేది మేపుల్‌తో, మురిసిపోయేది బర్ల్‌ని చూసి!

జిగురు రాత్రంతా ఆరింది. మర్నాడు కర్రను తిప్పే యంత్రం, లేత్ మీదకెక్కించాడు. కర్ర నెమ్మదిగా తిరుగుతుంటే పక్కనే రూటర్ బ్లేడు గిర్రున తిరుగుతూ కొంచెం కొంచెంగా కొరుకుతూ పోతుంది. ఇద్దరం మాస్కులు పెట్టుకున్నాం. నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు. రెండు నిమిషాలు బాగానే సాగింది. ధైర్యం వచ్చి కాస్త వేగం పెంచాను. ఠప్! ఒక పెచ్చు ఎగిరిపోయింది.

పెద్దాయన ఏమీ అనలేదు. మెషిన్ ఆపి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. పొట్టులో పావుగంట వెతికితే గోరంత ముక్క దొరికింది. పల్చటి సూపర్ గ్లూతో దాన్ని స్వస్థానంలో అతికించాడు. పక్కనే ఉన్న చిన్న బొరియల్లో అదే చెక్క పొడి కూరి, పైన ఒక్కో చుక్క గ్లూ వేశాడు. కొందరు అక్కడ నీలిరంగు రాతి పొడి నింపుతారు. నాకది నచ్చదు, చెక్క మీద అద్దిన లిప్‌స్టిక్‌లా ఉంటుంది.

మెత్తటి బర్ల్ అయితే వాక్యూమ్‌లో పెట్టి రెజిన్ అనే గట్టిపడే ద్రవాన్ని పీల్పించి, ఓవెన్‌లో కాల్చి గట్టిపరుస్తారు. కానీ అలా చేస్తే బరువెక్కుతుంది. మొత్తం క్యూ మామూలుగా 18 నుంచి 21 ఔన్సుల్లోనే ఉంటుంది కాబట్టి పిడి దగ్గర పెరిగిన ప్రతి గ్రామూ బ్యాలెన్సును అటూఇటూ లాగేస్తుంది.

"మరి నాది ఎప్పటికి పూర్తవుతుంది?" అన్నాను.

"ఇది వంగడం మానేశాక" అని తాడు కట్టి వేలాడదీశాడు.

నాలుగు నెలల తర్వాత ఫోటో పంపాడు. అర మిల్లీమీటరు వంగిందట. ఇంకో పలచటి పొర తీసి మళ్లీ పైకి కట్టాడు. చీటీ మీద పాత తేదీ కింద కొత్త తేదీ పడింది. దాని కింద ఇంకో రెండు తేదీలకు చోటు వదిలిపెట్టాడు.