తిరువాన్మియూర్ ఏసీ: ఎట్టకేలకు లీకు దొరికింది

దొరికింది! చెన్నై తిరువాన్మియూర్‌లో అక్కావాళ్ల ఏసీలో ఏటా గ్యాస్ పోతున్న చోటు. ఇండోర్ కాయిల్‌లో (గదిలో గాలిని చల్లబరిచే రాగి గొట్టాల వరసలు), గొట్టాలకున్న పల్చటి అల్యూమినియం రెక్కల మధ్యన, ఎడమ చివర నుంచి రెండంగుళాల లోపల, వెనక వరసలో. నీళ్లలో ముంచితే నాలుగైదు సెకన్లకొక బుడగ, ఆవగింజంత, ఒకే చోటు నుంచి తీరుగా పైకొస్తోంది. ఆ బుడగను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. తర్వాత జరిగింది మాత్రం అంత బాగాలేదు. అదంతా వరసగా రాస్తాను.

ముందు నేను చూసిన మిగతా ఏసీల సంగతి చెప్పేస్తాను. పెరంబూరులో పెదనాన్నగారి ఏసీ కంప్రెసర్ స్టార్ట్ కాక మూలుగుతుంటే కెపాసిటర్ (కంప్రెసర్ మోటారు స్టార్ట్ కావడానికి సాయపడే భాగం) కొలిచాను. 45 మైక్రోఫ్యారడ్లు ఉండాల్సింది 31 చూపించింది. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్ నుంచి కొత్తది తెచ్చి మార్చాను, నడుస్తోంది. మా ఎదురింటివాళ్ల ఏసీ గోడ మీదకి నీళ్లు కారడం డ్రెయిన్ పైపులో నాచు వల్ల, ఊదేస్తే పోయింది.

ఇక అక్కావాళ్ల ఏసీ. తిరువాన్మియూర్‌లో, సముద్రానికి బాగా దగ్గర. 1.5 టన్నుల ఫిక్స్‌డ్ స్పీడ్ (కంప్రెసర్ ఒకే వేగంతో నడిచే) స్ప్లిట్, ఆర్-32 గ్యాస్. ఏటా ఎండలు ముదిరేసరికి చల్లదనం తగ్గుతుంది. ఎవరో వస్తారు, "గ్యాస్ తగ్గిందండీ" అంటారు, నింపుతారు, డబ్బు తీసుకుని వెళ్తారు. మళ్లీ కత్తిరి (మే నెల) ఎండల నాటికి అదే వరస. ఏసీలో గ్యాస్ వంటగ్యాస్‌లా ఖర్చయిపోయేది కాదు. అతుకులన్నీ మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతోందన్నమాటే. ఎక్కడ పోతోందో వెతక్కుండా నింపడం నాకు ఏమాత్రం నచ్చదు.

ఈసారి వెళ్లేసరికి రీడింగులు ఇవీ. గదిలో 31 డిగ్రీలు, కాయిల్‌లోకి వెళ్లే గాలి 30.5, బయటికొచ్చేది 25. తేడా అయిదున్నరే. మంచి స్థితిలో ఉన్న మెషీన్‌లో నాకు 11, 12 డిగ్రీల తేడా కనిపిస్తుంది. కరెంటు 5.1 ఆంపియర్లు, ఏసీకి అతికిన వివరాల ప్లేటు మీద రాసింది 7.2. సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్ లోపలికి లాగే గ్యాస్ ఒత్తిడి) 85 పీఎస్ఐ. ఆర్-32కి 85 పీఎస్ఐ అంటే మైనస్ 5 డిగ్రీల దగ్గర మరుగుతోందని అర్థం. కాయిల్ మొదట్లో మంచు కట్టకుండా ఎలా ఉంటుంది? 125 పీఎస్ఐ దగ్గర ఉంటే అది ప్లస్ 5 అవుతుంది, అక్కడ మంచు రాదు.

మంచు కనిపించగానే గ్యాస్ తక్కువని తేల్చేయకూడదు. ఫిల్టర్ మూసుకుపోయినా, బ్లోయర్ రెక్కల్లో దుమ్ము పేరుకున్నా సక్షన్ ప్రెషర్ పడిపోతుంది, మంచూ కడుతుంది. కానీ గాలి తక్కువైనప్పుడు కాయిల్ మొత్తం ఒకేలా తెల్లబడుతుంది, లావు పైపు (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగెళ్లేది) కూడా చల్లగా, తడిగా ఉంటుంది. గ్యాస్ తక్కువైతే గ్యాస్ లోపలికి వచ్చే చోటే మంచు, మిగతా కాయిల్ పొడిగా ఉంటుంది. ఇక్కడ కింది మూడో వంతు తెల్లగా ఉంది, పైన చెయ్యి పెడితే గది వేడే. అవుట్‌డోర్ వాల్వ్ దగ్గర లావు పైపు 17 డిగ్రీలు. మైనస్ 5 దగ్గర మరిగిన గ్యాస్ 17లో వస్తోందంటే సూపర్‌హీట్ (మరిగాక గ్యాస్ ఇంకా ఎంత వేడెక్కిందో చెప్పే లెక్క) 22 డిగ్రీలు. సన్న పైపు (గ్యాస్ ఇండోర్‌కి వెళ్లేది) నట్టు మీద కూడా మంచు ఉంది. మన దగ్గరి చాలా స్ప్లిట్లలో కేపిలరీ (ప్రెషర్ తగ్గించే సన్న గొట్టం) అవుట్‌డోర్‌లోనే ఉంటుంది కాబట్టి సన్న పైపులో కూడా లో ప్రెషరే నడుస్తుంది. ఆ నట్టు మీద మంచు చూస్తే నాకు సగం విషయం తెలిసిపోతుంది.

అయినా సెన్సర్‌ను వదల్లేదు. కాయిల్ సెన్సర్ సరిగ్గా ఉంటే ఇంత మంచు కట్టేలోగా కంప్రెసర్‌ను ఆపాలి కదా అని అనుమానం. విప్పి కొలిస్తే 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, ఐసు నీళ్లలో 32. అంటే బాగానే ఉంది. అది కూర్చున్నది పొడిగా ఉన్న పైభాగంలో, అందుకే మంచు సంగతి దానికి తెలియలేదు.

ఇంకో మాట. ఏసీ ఆపి, కాసేపాగి ప్రెషర్ చూస్తే 265 పీఎస్ఐ ఉంది. "ప్రెషర్ ఫుల్లుగా ఉంది, గ్యాస్ సమస్య కాదు" అనేవాళ్లని చూశాను. లోపల చెంచాడు ద్రవం మిగిలి ఉన్నా 30 డిగ్రీల దగ్గర అదే 265 చూపిస్తుంది. ఆగి ఉన్న మెషీన్ ప్రెషర్ బట్టి గ్యాస్ ఎంతుందో చెప్పలేం.

బావ పక్కనే నిలబడి, "ఇంత గొడవ ఎందుకురా, ఈ ఏడాదికి నింపేయరాదూ?" అన్నాడు. "లేదు బావా, ఈసారి చూడాల్సిందే" అన్నాను.

పంప్ డౌన్ చేసి, ఉన్న గ్యాసంతా అవుట్‌డోర్‌లోకి లాగి రెండు వాల్వులూ మూసేశాను. ప్రెషర్ సున్నాకి దగ్గరవుతుండగానే ఆపాలి. లీకున్న సిస్టమ్‌లో అంతకు మించి లాగితే గాలి లోపలికి వస్తుంది. గాలి, ఆయిల్, ఆర్-32 కలిసి కంప్రెసర్‌లో నొక్కుకుంటే పేలే ప్రమాదం ఉంది. ఈ విషయంలో తొందర వద్దు. తర్వాత సర్వీస్ పోర్టు (గేజ్ తగిలించే చోటు) నుంచి ప్రెషర్ టెస్టుకి నైట్రోజన్ ఎక్కించాను. వాల్వు మూసి ఉంటే పోర్టు ఇండోర్ వైపుకే కలుస్తుంది కాబట్టి, పైపులూ ఇండోర్ కాయిల్ మాత్రమే టెస్టు అవుతాయి. రెగ్యులేటర్ తప్పనిసరి. ఆక్సిజన్ సిలిండర్‌ను మాత్రం ఆ చుట్టుపక్కలకి కూడా రానివ్వకండి, ఆయిల్ తగిలితే ప్రాణం మీదకొస్తుంది.

సాయంత్రం 34 డిగ్రీలప్పుడు 350 పీఎస్ఐ పెట్టి వదిలాను. పొద్దున 28 డిగ్రీలప్పుడు 331. పందొమ్మిది పడిందని గంతేయకూడదు, చలవకి ఎంత పడాలో ముందు తీసేయాలి. గేజ్ రీడింగుకి 14.7 (బయటి గాలి ప్రెషర్) కలిపి, రెండు ఉష్ణోగ్రతల కెల్విన్ నిష్పత్తితో గుణించి, మళ్లీ 14.7 తీసేస్తే 28 డిగ్రీల దగ్గర 343 ఉండాలి. అంటే ఏడు చలవది, పన్నెండు లీకుది. ఈ లెక్క వేయకుండా రాత్రి టెస్టు పెట్టడం దండగ. సాయంత్రం, పొద్దున మధ్య మద్రాసులోనే ఇంత తేడా వస్తుంది.

మొదటి అనుమానం ఫ్లేర్ నట్ల (పైపు చివర విప్పార్చి బిగించే నట్లు) మీదే. సముద్రం గాలికి పైన పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. టార్క్ రెంచితో చూస్తే పావు అంగుళంది 16, అరంగుళంది 55 న్యూటన్ మీటర్ల దగ్గర కూర్చుని ఉన్నాయి. సబ్బు నురగలో బుడగ లేదు. సర్వీస్ పోర్టు పిన్ను (లోపలి చిన్న వాల్వు) మీద అనుమానం వచ్చింది, మూతలో రబ్బరు వాషరు లేదు. పిన్ను మార్చాను, వాషరు వేశాను. మళ్లీ పెడితే అంతే పడింది.

నా చౌక లీక్ డిటెక్టర్ పూజగది అగరొత్తికీ, తడి గోడకీ, నా చేతి శానిటైజర్‌కీ కూడా కూసింది. ఇక్కడి ఉక్కపోతలో దాన్ని నమ్మలేం. కొంటే హీటెడ్ డయోడ్ సెన్సర్ ఉన్నదే కొనాలి, లేదా ఆ డబ్బు నైట్రోజన్ మీద పెట్టాలి. యూవీ డై (లీకైన చోట మెరిసే రంగు) సిస్టమ్‌లో పోయడం నాకిష్టం లేదు, ఆయిల్‌లో లేనిపోని ద్రవం ఎందుకు? క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) విషయంలో మాత్రం యూని-టి యూటీ210ఈ మీద నాకు గురి కుదిరింది. చిన్న కరెంట్లకి ఆ ధరలో దానికి సాటి నాకు కనబడలేదు.

అందుకే విడదీశాను. ఇండోర్ దగ్గర నట్లు విప్పి, పైపుల చివరలు మూసి, పైపులొక్కటే టెస్టు పెడితే, చలవ లెక్క తీసేశాక సున్నా. కాయిల్ ఒక్కదానికీ 350 పెట్టి, మర్నాడు అదే వేళకి, అదే ఉష్ణోగ్రతలో చూస్తే 316. ఇదే కావాల్సింది! లీకు అదే, కానీ ఘనపరిమాణం తగ్గింది కాబట్టి ప్రెషర్ ఇంకాస్త వేగంగా పడుతుంది. కాయిల్, పైపులు కలిపి లీటరున్నర అనుకుని లెక్కేస్తే, మామూలుగా ఏసీ నడిచే ప్రెషర్‌లో రోజుకు రెండు మూడు గ్రాములు పోతున్నట్టు తేలింది. ప్లేటు మీద గ్యాస్ 780 గ్రాములు. నాలుగైదు నెలల్లో దాదాపు సగం ఖాళీ. ఏటా వేసవికి కాయిల్ ఎందుకు మంచు కడుతుందో ఈ ఒక్క లెక్కలో ఉంది.

కాయిల్ విప్పి మేడ మీదకి తీసుకెళ్లి, పొడవాటి టబ్బులో ముంచాను. ముఖం దగ్గర పెట్టి చూడాలి కాబట్టి 150 పీఎస్ఐకి తగ్గించాను. ముంచగానే రెక్కల్లో ఇరుక్కున్న గాలి బుడగలు చాలాసేపు వస్తాయి. అవన్నీ పోయేదాకా, మెత్తటి బ్రష్షుతో తట్టి ఆగాలి. నీళ్లు తేటబడ్డాక ఆ ఒక్క చోటే, ముందు చెప్పిన బుడగ. సబ్బు నురగతో ఇది జన్మలో కనబడేది కాదు. రెక్కల మధ్య సందులోకి నురగ వెళ్లినా కంటికి ఆనదు.

అక్కడి రెక్కలు జాగ్రత్తగా వంచి, భూతద్దంలో చూశాను. 7 మిల్లీమీటర్ల రాగి గొట్టం, చుట్టూ మామూలు రాగిరంగు. మధ్యలో గుండుసూది తలకాయంత ఊదా నలుపు మచ్చ. రంధ్రం కనబడలేదు. మచ్చ తుడిస్తే పోలేదు.

రెక్కలు అల్యూమినియం, 660 డిగ్రీల దగ్గర కరుగుతాయి. వెండి కలిపిన బ్రేజింగ్ రాడ్డు (రాగిని అతికే లోహపు కడ్డీ) కరగడం మొదలయ్యేది కూడా ఇంచుమించు అక్కడే. అందుకని చుట్టూ అంగుళం మేర రెక్కలు కోసి తీసేసి, రెండు వైపులా తడి గుడ్డ చుట్టి, లోపల సన్నగా నైట్రోజన్ పారిస్తూ 15 శాతం వెండి రాడ్డుతో అతికాను. అతుకు అందంగా వచ్చింది. ముంచితే అక్కడ బుడగ లేదు. సంతోషపడేలోపు జానెడు దూరంలో, పక్క గొట్టం నుంచి ఇంకో బుడగ. ఇంతకుముందు అక్కడ ఏమీ లేదు. ప్రెషర్ 300కి పెంచి దూరం నుంచి చూస్తే మూడో చోట కూడా సన్నగా వస్తోంది.

ఒళ్లు మండిపోయింది. కానీ దీంతో సంగతి స్పష్టమైంది. ఇది తయారీలో మిగిలిన ఒక్క రంధ్రమో, రాపిడో కాదు. రాగి గోడ లోపల చీమలు తవ్వినట్టు వంకర టింకరగా సొరంగాలు పడే తుప్పు ఇది. ఫార్మికరీ కొరోజన్ అంటారు. తేమ, గాలిలో ఆక్సిజన్, ఫార్మిక్, ఎసిటిక్ లాంటి ఆమ్లాల ఆవిర్లు కలిస్తే వస్తుంది. పైకి గొట్టం బాగానే కనిపిస్తుంది, గోడ మాత్రం లోపల గుల్ల. ఒక చోట అతికితే వేడికి పక్కన బలహీనంగా ఉన్న చోటు తెరుచుకుంటుంది.

ఆమ్లం ఎక్కడిది? ఇది నా ఊహే. ఏసీ కిందే కొత్తగా చేయించిన ప్లైవుడ్ వార్డ్‌రోబ్ ఉంది, తలుపు తీస్తే ఇప్పటికీ జిగురు వాసన. ఆ జిగుర్లలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అది ఆక్సిజన్‌తో ఫార్మిక్ ఆమ్లమవుతుంది. అక్క నేల తుడిచే నీళ్లలో వెనిగర్ కలుపుతుంది, ఎసిటిక్ ఆమ్లం అక్కడిది. గది మూసే ఉంటుంది, కాయిల్ రోజంతా తడి. సముద్రపు ఉప్పును నేను అంతగా అనుమానించడం లేదు. అది అవుట్‌డోర్ రెక్కలను తినేస్తుంది కానీ ఇలా సొరంగాలు తవ్వదు. "వెనిగర్ మానెయ్ అక్కా" అంటే ఒప్పుకుంది. వార్డ్‌రోబ్ తలుపులు కొన్నాళ్లు పగలు తెరిచిపెట్టి, కిటికీ తీసి ఉంచాలని చెప్పాను.

ఇక అతుకులు ఆపేశాను. కొత్త కాయిల్‌కి ఆర్డర్ పెట్టాను. నీలం రంగు పూత ఉంటే తుప్పు పట్టదని దుకాణంలో చెప్పారు. ఆ పూత రెక్కల మీద ఉంటుంది, గొట్టానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. నా ఓటు రాగికే, పైపులతో కలపడం సులువు. కానీ మొత్తం అల్యూమినియం కాయిల్ ఆ మోడల్‌కి దొరికితే ఈ గదికి అదే తెచ్చేవాణ్ణి, ఈ రకం తుప్పు రాగి జబ్బు.

కాయిల్ రాగానే బిగించను. ముందు ఒక రాత్రి 350 దగ్గర ఉంచి, టబ్బులో ముంచి చూస్తాను. పాత ఫ్లేర్లు కోసి కొత్తవి వేస్తాను. పంపుతో లోపలి గాలి, తేమ తీసేసి, వాక్యూమ్ 500 మైక్రాన్ల (మిగిలిన ప్రెషర్ కొలత) దిగువకి లాగి, పంపు ఆపి, మైక్రాన్ గేజ్ ఎంత పెరుగుతుందో చూస్తాను. గేజ్ పంపు దగ్గర కాకుండా సిస్టమ్ చివర పెట్టాలి, లేకపోతే పంపు సంగతే తెలుస్తుంది. ఈ ఉక్కలో పంపు ఆయిల్ త్వరగా తెల్లబడుతుంది, మొదలుపెట్టే ముందే మార్చాలి.

గ్యాస్ నింపేముందు, అవుట్‌డోర్‌లో దాచిన పాతదాన్ని ఖాళీ సిలిండర్‌లోకి లాగి తూస్తాను. నింపి ఎన్నాళ్లయిందో బావ దగ్గర బిల్లుంది. 780లోంచి మిగిలింది తీసేసి, రోజులతో భాగిస్తే రెండు మూడు గ్రాముల లెక్క నిలుస్తుందో లేదో తేలుతుంది. పెదనాన్నగారి ఇంట్లో రెండో ఏసీలో కూడా ఇలాగే గ్యాస్ తగ్గుతోంది, ఈ లెక్క నిలిస్తే దానికీ ముందు నైట్రోజనే పెడతాను.