థెరపీ గదిలోకి నాన్నమ్మని కూడా రానివ్వండి

విజయవాడ సూర్యారావుపేటలో పిల్లల డాక్టర్ల బోర్డుల పక్కన ఇప్పుడు మాటలు ఆలస్యమైన పిల్లలకి మాటలు నేర్పే స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ బోర్డులు కూడా బాగానే కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ వాటిలో కొన్నిచోట్ల నాకు ఒళ్ళు మండే పద్ధతి ఒకటుంది. పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళి తలుపేస్తారు. తల్లో నాన్నమ్మో బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ముప్పావుగంట అయ్యాక పిల్లాణ్ణి తెచ్చి చేతికిచ్చి "ఈరోజు బాగా చేశాడండీ" అంటారు. ఏం చేశాడు, ఎలా చేయించారు, ఇంటికెళ్ళాక మేమేం చెయ్యాలి అని అడిగితే "మీరు టెన్షన్ పడకండి, మేం చూసుకుంటాం కదా" అంటారు. మేం వెళ్ళిన మొదటి సెంటర్లో నెలల తరబడి ఇదే మాట విన్నాం, సెషన్‌కి ఆరొందలు కట్టి మరీ.

మా ఇంట్లో చిన్నోడితో పగలంతా ఉండేది నేను కాదు, మా ఆయనా కాదు, మా అత్తయ్య. నేను పొద్దున్నే ఆఫీసుకి పోతే సాయంత్రం ఆరున్నరకి గాని ఇల్లు చేరను. వాడికి పాలు పట్టేది, స్నానం చేయించేది, అన్నం తినిపించేది, పడుకోబెట్టేది అంతా ఆవిడే. సత్యనారాయణపురంలో మా వీధిలో చాలా ఇళ్ళల్లో ఇదే సంగతి, అమ్మానాన్నలు ఉద్యోగాలకి, పిల్లలు నాన్నమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో. మరి నేర్పాల్సింది ఎవరికి?

లెక్క వేసి చూడండి. వారానికి 3 సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, అన్నీ కలిపితే రెండుంపావు గంటలు. చిన్న పిల్లాడు రోజుకి 12 గంటలు మేలుకుని ఉంటాడనుకుంటే వారానికి 84 గంటలు. ఆ మిగిలిన 80 పైచిలుకు గంటలు వాడితో ఉండే మనిషికి ఒక్క ముక్క చెప్పకుండా ఆ రెండు గంటల్లోనే అంతా అయిపోవాలంటే ఎలా? మొదటి మూడేళ్ళలో మెదడు ఎదిగినంత వేగంగా తర్వాతెప్పుడూ ఎదగదనే డాక్టర్లు తొందరపెడతారు, కానీ ఆ ఎదుగుదల అపాయింట్‌మెంట్ టైముకే జరగదు కదా. ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శిక్షణ కూడా పెంచేవాళ్ళకి ఇచ్చేదే. ఆటల్లో, రోజువారీ ఇంటి పనుల్లో పిల్లాణ్ణి ఎలా కలుపుకోవాలో అందులో నేర్పుతారు.

మావాడి సంగతి చెప్తాను. రెండేళ్ళు దాటినా మాటల్లేవు. పిలిస్తే తిరిగేవాడు కాదు, కానీ పక్కగదిలో చిప్స్ ప్యాకెట్ చప్పుడైతే పరుగెత్తుకొచ్చేవాడు. ఏదైనా కావాలంటే వేలు చూపించడం లేదు, మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఆ వస్తువు మీద పెట్టేవాడు. చుట్టాల్లో తలా ఒక మాట. మగపిల్లలకి మాటలు ఆలస్యమేనని ఒకరు, వాళ్ళ తాతయ్యకీ నాలుగేళ్ళకే వచ్చాయని ఇంకొకరు, వస అరగదీసి నాలిక మీద రాయమని ఒకరు, నాలిక కింద నరం కోయించమని మరొకరు. వస జోలికి మాత్రం పోవద్దని మా పిల్లల డాక్టరుగారు గట్టిగా చెప్పారు, అది పడక వాంతులతో వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉంటారట.

ఆయన మొదట రాసింది చెవుల పరీక్ష. బెరా అంటారు, పిల్లాడు నిద్రపోతుండగా తలకి తీగలు అంటించి చేస్తారు. మాటలు రాని ఏ పిల్లాడికైనా ముందు చెయ్యాల్సింది ఇదే. చప్పుళ్ళకి తిరుగుతున్నాడు కదా అని వదిలెయ్యకండి, కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలుంటారు, చెవి లోపల నీరు చేరి సరిగా వినపడని వాళ్ళుంటారు. మేనరికాలు ఉన్న ఇళ్ళల్లో అయితే ఇంకా జాగ్రత్త. పుట్టుచెవుడు ఉందని తొందరగా తేలితే చెవి మిషన్లున్నాయి, ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, అదీ ఆరోగ్యశ్రీ రోజుల నుంచీ ప్రభుత్వ ఖర్చుతోనే చేస్తున్నారు. మావాడికి చెవులు బాగానే ఉన్నాయని తేలింది. ఆటిజమా కాదా అన్నది తేలడానికి ఇంకా టైము పట్టింది గానీ, సమస్యకి ఇదీ అని పేరు పెట్టేదాకా ఆగకుండా థెరపీ మొదలుపెట్టమన్నారు. మొదలుపెట్టాం, ఆ తలుపు మూసిన సెంటర్లో.

తర్వాత తెలిసినవాళ్ళు చెప్తే గుంటూరు బ్రాడీపేటలో ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాం. పిల్లాణ్ణి ముట్టుకోకముందే ఆవిడ అడిగిన ప్రశ్న, "పగలు బాబుని ఎవరు చూసుకుంటారండీ?" మా అత్తయ్య అని చెప్పగానే "అయితే ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి" అన్నారు. అత్తయ్యకి బస్సు ప్రయాణం అంటేనే విసుగు, పైగా "నాకేం తెలుసమ్మాయ్, నేనేమన్నా చదువుకున్నదాన్నా" అని ఒకటే గొణుగుడు. లాక్కెళ్ళాను. అక్కడ ఆ థెరపిస్ట్ ఈవిడ్ని కూర్చోబెట్టి "మామ్మగారూ, పొద్దున్న బాబుకి టిఫిన్ ఎలా పెడతారో చెప్పండి" అంది. అత్తయ్య మొహం వెలిగిపోయింది, దోసెల పిండి దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

అంతా విని ఆ అమ్మాయి చెప్పింది ఒక్కటే మార్పు. అప్పటిదాకా వాడు వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చునేసరికి దోసె ముక్కలు తుంచి, పంచదార అద్ది, పళ్ళెంలో రెడీగా ఉండేవి. వాడు అడగాల్సిన పనే లేదు. ఇకనుంచి పంచదార డబ్బా వాడికి కనపడేలా, మూత గట్టిగా పెట్టి ఎదురుగా ఉంచమంది. ఒక ముక్క అద్ది ఇచ్చి ఆగిపోవాలి. మనసులో పది లెక్కపెట్టుకోవాలి. వాడు డబ్బా వైపు చూసి మన మొహం వైపు చూసినా చాలు, వెంటనే "పంచదారా!" అని ఒకసారి అని ఇచ్చెయ్యాలి. "పంచదార అను, అనరా, అంటేనే ఇస్తా" అని ప్రాణం తియ్యకూడదు.

వినడానికి సులువే. కానీ మా అత్తయ్యకి ఆ పది లెక్కపెట్టడమే మహా కష్టం అయ్యింది. పిల్లాడు ఎదురుగా కూర్చుని చూస్తుంటే చేతులు ఊరుకుంటాయా మరి. మొదట్లో వాడు అలవాటు ప్రకారం ఆవిడ చెయ్యి పట్టుకుని మూత మీద పెట్టేవాడు. తర్వాత మూతనీ ఆవిడనీ మార్చి మార్చి చూడటం మొదలైంది. కొన్నాళ్ళకి ఒక ఆదివారం నేను హాల్లో బట్టలు మడతపెడుతుంటే వంటింట్లోంచి "దార" అని వినపడింది. అత్తయ్య అట్లకాడతో సహా పరుగెత్తుకొచ్చింది, పెనం మీద దోసె మాడిపోయింది.

స్నానం దగ్గరా అంతే. చెంబు పైకెత్తి "ఒకటీ... రెండూ..." అని ఆపెయ్యడం, వాడు "ఊఁ" అనో, తల ఊపో, కళ్ళలోకి చూసో ఏదో ఒకటి చేశాక "మూడూ" అని పొయ్యడం. దోబూచులాట కూడా ఇలాగే మారింది. వీటికి కొత్త బొమ్మలు కొనలేదు, చార్టులు కొనలేదు. అందరు పిల్లలకీ ఇలాగే మాటలు వచ్చేస్తాయని నేను చెప్పను. కొందరికి మాట ఎప్పటికో వస్తుంది, కొందరికి బొమ్మల కార్డులు చూపించి అడగడం నేర్పాల్సి వస్తుంది. ఏ దారైనా ఇంట్లో రోజూ వాడకపోతే మాత్రం నిలవదు.

ఇంకో సంగతి. ఆ మొదటి సెంటర్లో మాకిచ్చిన ఒకే ఒక్క సలహా ఏంటో తెలుసా, ఇంట్లో బాబుతో ఇంగ్లీషులోనే మాట్లాడండి, రెండు భాషలైతే కన్ఫ్యూజ్ అవుతాడు అని. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం. ఈ సలహా వల్ల మా ఇంట్లో జరిగిందేంటంటే, ఇంగ్లీషు రాని అత్తయ్య వాడితో మాట్లాడటమే తగ్గించేసింది. రోజంతా "నా బంగారుకొండ, నా చిట్టితండ్రి" అని ఏదో ఒకటి కబుర్లు చెప్పే మనిషి "కమ్, సిట్, ఈట్" అని మూడు ముక్కలతో సరిపెట్టుకుని, ఆ మిగిలిన ఖాళీలోకి ఫోన్‌లో రైమ్స్ వచ్చి కూర్చున్నాయి. వాడేమో విన్నది విన్నట్టు ఏ టు జెడ్ గడగడా అప్పజెప్పేవాడు, దాహమేస్తే మాత్రం నీళ్ళు అడగలేకపోయేవాడు. రెండేళ్ళలోపు స్క్రీన్ అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ దాకా గంటకి మించొద్దనీ పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తోంది. ఫోన్ వల్లే ఇదంతా వచ్చిందని తల్లుల్ని తిట్టేవాళ్ళంటే నాకు పడదు గానీ, ఫోన్ మన మొహం చూసి ఆగదు, వాడి వంతు వచ్చేదాకా ఎదురుచూడదు. అదీ దాంతో చిక్కు. తెలుగులోకి తిరిగొచ్చాక ఇంట్లో మళ్ళీ సందడి మొదలైంది.

ప్రైవేటులో ఇంత పెట్టలేనివాళ్ళ కోసం. కేంద్రం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. అనుమానం ఉన్న పిల్లల్ని పంపడానికి జిల్లా స్థాయిలో డీఈఐసీ అని ఒక కేంద్రం, అందులో పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్, కళ్ళు, సైకాలజిస్టు అందరూ ఒకేచోట ఉండాలన్నది ఏర్పాటు. డబ్బులు కట్టక్కర్లేదు. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటేనే చూస్తారేమో అని చాలామంది అనుకుంటారు, అదేం లేదు, సదరం పెన్షన్ లాంటి వాటికి. పెద్దాసుపత్రి పిల్లల ఓపీలో డీఈఐసీ ఎక్కడని అడగండి. రద్దీ ఉంటుంది, ఓపిక పట్టాలి. కాన్పు అప్పటి డిశ్చార్జి కాగితం, మాతా శిశు రక్షణ కార్డు తప్పకుండా పట్టుకెళ్ళండి. నెల తక్కువ పుట్టినవాళ్ళు, పుట్టగానే ఏడవనివాళ్ళు, కామెర్లు ముదిరి ఐసీయూలో ఉన్నవాళ్ళు అయితే ఏ తేడా కనపడకపోయినా పిలిచిన ప్రతిసారీ చూపించాలి. ఆ కార్డులోనే ఏ నెలకి పిల్లాడు ఏం చెయ్యాలో బొమ్మలేసి ఉంటుంది, మనం టీకాల పేజీ తప్ప తిరగేయం. నాలుగు నెలలు దాటాక కూడా మెడ నిలవకపోయినా, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాటా లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా, బారసాలకో పండక్కో వచ్చిన చుట్టాల్ని కాదు, డాక్టర్ని అడగండి.

ప్రైవేటుకే వెళ్తుంటే ఫీజు కట్టకముందే రెండు విషయాలు అడగండి. స్పీచ్ థెరపిస్టులకీ, స్పెషల్ ఎడ్యుకేటర్లకీ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అది చూపించమనండి. మొహమాటపడకండి. రెండోది, పిల్లాడితో ఇంట్లో ఉండే మనిషి సెషన్లో కూర్చోవచ్చా అని. "అమ్మ కనపడితే ఏడుస్తాడండీ, మా మాట వినడు" అంటారు. నిజమే, కొందరు పిల్లలు అలాగే చేస్తారు, మొదటి వారాల్లో ఒప్పుకోవచ్చు. అలాంటప్పుడు చివరి పది నిమిషాలైనా లోపలికి పిలిచి ఆ రోజు చేసింది మన చేత చేయించమనండి, లేదంటే వీడియో తీసి ఇవ్వమనండి. అదీ కుదరదంటే లేచి వచ్చెయ్యండి, బెజవాడలో గాని గుంటూరులో గాని ఉన్నది ఆ ఒక్క సెంటరే కాదుగా.